ఝుమ్మనే వాచీకి సర్వీసింగ్: ఏ మూవ్‌మెంట్, ఏ సెల్, ఎవరి చేత?

శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) ఊపుతో నడిచే బులోవా అక్యుట్రాన్ వాచీల్లో 214 కొనాలా, 218 కొనాలా అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగే ప్రశ్న ఒక్కటే: ఆ వాచీ ఎంత కరెంటు తాగుతోంది? అమ్మేవాళ్ళు దీనికి జవాబు చెప్పగలిగితే సగం బేరం తేలిపోయినట్టే. చెప్పలేకపోతే, డయల్ ఎంత మెరుస్తున్నా, ‘సర్వీస్ అయిపోయింది’ అని ఎంత గట్టిగా చెప్పినా, దాన్ని పనిచేయని వాచీగానే లెక్కగట్టండి.

శ్రుతిదండం వాచీల విషయంలో ఎంచుకోవాల్సినవి మూడు ఉంటాయి. ఏ మూవ్‌మెంట్ (వాచీ లోపలి యంత్రం) కొనాలి, దానికి ఏ సెల్ వేయాలి, సర్వీసింగ్ ఎవరి చేత చేయించాలి. చాలామంది మొదటి దాని దగ్గరే నెలలు గడిపేసి, మిగతా రెండూ వాచీ చేతికొచ్చాక చూసుకుందాంలే అనుకుంటారు. నా అనుభవంలో వాచీ పాడయ్యేది ఆ మిగతా రెండింటి దగ్గరే.

లోపల ఏం జరుగుతోంది

ఇది తెలియకుండా సెల్ గురించి ఎంత చెప్పినా అర్థం కాదు, కాబట్టి కాస్త ఓపిక పట్టండి. మాక్స్ హెట్జెల్ అనే స్విస్ ఇంజనీరు బులోవా కంపెనీ కోసం తయారుచేసిన అక్యుట్రాన్ 1960 అక్టోబరులో మార్కెట్లోకి వచ్చింది. బడిలో ఫిజిక్స్ మాస్టారు రబ్బరు సుత్తితో కొట్టి చూపించే శ్రుతిదండమే ఇందులోనూ ఉంటుంది, కాకపోతే గోరంత. దాని రెండు కొసలకీ అయస్కాంతాలు, వాటి మధ్యలో రాగితీగ చుట్టిన కాయిల్స్ ఉంటాయి. ఒక ట్రాన్సిస్టర్ సరైన క్షణంలో కాయిల్‌కి కరెంటు అందిస్తుంటే ఫోర్క్ సెకనుకి 360 సార్లు ఊగుతుంది. మనం వినే ఝుమ్మనే శబ్దం అదే.

ఫోర్క్ ఒక చేతికి సన్నని స్ప్రింగు, దాని చివర ఒక చిన్న రాయి. ఆ రాయి ప్రతి ఊపుకీ ఇండెక్స్ వీల్‌ని ఒక పన్ను ముందుకి నెడుతుంది. చక్రం వెనక్కి జారకుండా పాల్ అనే రెండో రాయి పట్టుకుంటుంది. ఆ చక్రం వ్యాసం 2.4 మిల్లీమీటర్లు, దాని చుట్టూ 300 పళ్ళు. పన్ను ఎత్తు మిల్లీమీటరులో నూరో వంతు. రోజుకి 3 కోట్ల 11 లక్షల సార్లు ఆ పళ్ళ మీద ఈ పని జరుగుతుంది. భూతద్దంలో చూసినా పళ్ళు కనబడవు, అంచు నున్నగానే ఉంటుంది. మైక్రోస్కోప్ కింద మొదటిసారి ఆ పళ్ళు విడివిడిగా కనబడ్డప్పుడు నేను ఊపిరి బిగబట్టి చూశాను. వీటిని 1950ల్లో గీసిన మనుషుల మీద నాకున్న గౌరవం అప్పటినుంచి తగ్గలేదు.

ముందు కొలత

ఈ పనికి ఖరీదైన పరికరమేమీ అక్కర్లేదు. వోల్టేజీ మార్చుకోగల చిన్న సప్లై, 10 కిలో ఓముల రెసిస్టర్ ఒకటి, లీకేజీ తక్కువున్న 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి, మామూలు డిజిటల్ మల్టీమీటర్ చాలు. రెసిస్టర్‌ని సప్లైకీ వాచీకీ మధ్య వరుసలో పెట్టండి. కెపాసిటర్‌ని వాచీ సెల్ కొసలకి అడ్డంగా కలపండి, కరెంటు విడతలు విడతలుగా వస్తుంది కాబట్టి అది రీడింగ్‌ని నిలకడగా ఉంచుతుంది. ఇప్పుడు రెసిస్టర్ రెండు చివర్ల మధ్య వోల్టేజీ చూడండి. 60 మిల్లీవోల్టులు వస్తే వాచీ 6 మైక్రోఆంపియర్లు తీసుకుంటున్నట్టు. ప్లస్, మైనస్ తారుమారు కాకుండా ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

మంచి స్థితిలో ఉన్న 214 దాదాపు 6 దగ్గర ఉంటుంది. అక్కడ ఉండి, టైము సరిగ్గా చూపిస్తుంటే దాన్ని విప్పొద్దు. ‘పాతదే కదా, ఒకసారి క్లీన్ చేయించేద్దాం’ అనే ఆలోచన మామూలు కీ వాచీకి మంచిదే గానీ ఈ వాచీకి కాదు. దీన్ని విప్పిన ప్రతిసారీ కాయిల్‌కీ ఇండెక్స్ వీల్‌కీ ప్రమాదమే.

రీడింగ్ 6 నుంచి 9కో 10కో పాకితే, లోపల ఏదో బరువు పడుతున్నట్టు. నూనె ఎండిపోయి జిగురైపోవడం, పివట్ (చక్రం ఇరుసు కొస) దగ్గర మురికి, డేట్ చక్రం రాసుకోవడం లాంటివి కారణాలు. ఫోర్క్ ఊపు తగ్గే కొద్దీ కరెంటు పెరుగుతుంది. సర్వీసింగ్ నిజంగా అవసరమయ్యే సందర్భం ఇదే.

శబ్దం వస్తోంది గానీ ముల్లు కదలడం లేదంటే కరెంటు వైపు అంతా బాగుంది, తేడా రాళ్ళ దగ్గరో చక్రాల దగ్గరో ఉంది. ఇది బాగుపడే జబ్బు. అసలు శబ్దమే లేదు, మీటర్ సున్నా చూపిస్తోందంటే కాయిల్ తీగ తెగి ఉండొచ్చు, లేదా సెల్ కాంటాక్ట్ తుప్పు పట్టి ఉండొచ్చు. కాంటాక్ట్ శుభ్రం చేసి మళ్ళీ చూడండి. అప్పటికీ సున్నా అయితే కొనే ఆలోచన వదిలేయండి, స్పేర్ల కోసం తీసుకుంటే తప్ప.

214, 218, 9162: ఏది?

నేరుగా చెప్పాలంటే, అందానికీ చరిత్రకీ 214. రోజూ పెట్టుకోవడానికి 9162 లేదా 218. నేర్చుకోవడానికి 214.

214ని 1960 నుంచి తయారుచేశారు. పక్కన క్రౌన్ (టైము తిప్పే బుడిపె) ఉండదు. టైము మార్చాలంటే వాచీ తిప్పి, వెనక మడతపెట్టి ఉన్న చిన్న పిడిని లేపాలి. సెల్ మార్చడానికి చాలా మోడళ్ళలో విడిగా ఒక గుండ్రటి మూత ఉంటుంది, నాణెంతో తిప్పితే వచ్చేస్తుంది. డయల్ లేకుండా ఆకుపచ్చ కాయిల్స్ కనబడే స్పేస్‌వ్యూ ఈ మూవ్‌మెంట్‌తోనే మొదలైంది. నేర్చుకోవడానికి ఇదే అనడానికి కారణం ఏమిటంటే, కంపెనీ సర్వీస్ మాన్యువల్ ప్రతి స్క్రూనీ బొమ్మతో చూపిస్తుంది, పైగా పాల్ బ్రిడ్జిని (పాల్ రాయిని మోసే పట్టీని) జరిపి రాళ్ళ పొందిక సరిచేసే వీలుంది. టైము సరిచేయడం కూడా సులువే. ఫోర్క్ కొసల మీద గాట్లున్న చిన్న రెగ్యులేటర్లుంటాయి, ఒక్కో గాటుకి రోజుకి దాదాపు 2 సెకన్లు మారుతుంది. దీని బలహీనత సెల్ వోల్టేజీ. ఆ సంగతి కింద విడిగా చెబుతాను.

స్పేస్‌వ్యూ కొనేవాళ్ళకి ఒక మాట. మామూలు డయల్ ఉన్న 214ల డయల్ తీసేసి స్పేస్‌వ్యూలుగా మార్చినవి మార్కెట్లో చాలా ఉన్నాయి. మూవ్‌మెంట్‌గా అందులో లోపం లేకపోవచ్చు గానీ, అసలుదని ఎక్కువ ఇవ్వొద్దు. కేసు వెనక ఉండే కోడ్‌లో M అక్షరం 1960లని, N 1970లని చెబుతుంది, పక్కనున్న అంకె ఆ దశకంలో ఏ సంవత్సరమో చెబుతుంది. M6 అంటే 1966. ఈ ఒక్క కోడ్‌తో అసలుదని తేలిపోదు, కానీ కేసుకీ మూవ్‌మెంట్‌కీ మధ్య పదేళ్ళ తేడా ఉంటే ఎందుకని అడగాలి.

218 దాని తర్వాత వచ్చింది. పక్కన క్రౌన్ ఉంటుంది, చాలా కేసుల్లో నాలుగు గంటల దగ్గర. దాన్ని బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగిపోతుంది, కాబట్టి సెకనుతో సహా కలిపి పెట్టుకోవచ్చు. డేట్ కావాలంటే 2181, వారం కూడా కావాలంటే 2182. 214 కంటే పల్చగా ఉంటుంది, చేతికి హాయిగా ఉంటుంది. కాకపోతే 218 కొనేటప్పుడు కాయిల్స్ విషయంలో నేను రెండింతలు జాగ్రత్త పడతాను. నా చేతికొచ్చిన చచ్చిన 218లలో ఎక్కువ వాటిది కాయిల్ జబ్బే.

ఇక స్విట్జర్లాండు నుంచి వచ్చిన 9162. హెట్జెల్ బులోవా నుంచి బయటికి వచ్చాక ఎబోష్ ఎస్‌ఏ అనే స్విస్ సంస్థ కోసం దీన్ని రూపొందించాడు. దీని ఫోర్క్ సెకనుకి 300 సార్లు ఊగుతుంది. వారం కూడా చూపించేది 9164. ఒమేగా ఎఫ్300, లాంజిన్ అల్ట్రోనిక్, టిస్సో టిస్సోనిక్ లాంటి ఎన్నో పేర్ల కింద దొరికేది లోపల ఇదే మూవ్‌మెంట్. అందుకే ఒమేగా స్పేర్ దొరక్కపోతే పేరులేని బ్రాండు వాచీలో నుంచి అదే భాగం తీసుకోవచ్చు. ఇది చిన్న లాభం కాదు. ఇంకో మంచి గుణం కూడా ఉంది. అక్యుట్రాన్ ఫోర్క్ కొసలు కిందికి వేలాడుతుంటే కాస్త వేగంగా, పైకి ఉంటే కాస్త నెమ్మదిగా నడుస్తుంది, భూమి ఆకర్షణ వల్ల. హెట్జెల్ 9162లో ఫోర్క్ తీరు మార్చి ఈ తేడాని బాగా తగ్గించాడు. చేతికి పెట్టుకున్నా, రాత్రి బల్ల మీద పెట్టినా ఒకేలా నడవాలని కోరుకునేవాళ్ళకి ఇదే సరైనది.

ఒమేగా మెగాసోనిక్ కూడా ఉంది, సెకనుకి 720 సార్లు ఊగేది. దాని మైక్రోమోటర్‌ని నూనె నింపి సీల్ చేశారు, కదలిక అయస్కాంతం ద్వారా బయటికి వస్తుంది. ఇంజనీరింగ్‌గా అద్భుతం. కానీ మొదటి వాచీగా వద్దు. పాడైతే బాగుచేయగల చేతులు చాలా తక్కువ.

ఏ సెల్ వేయాలి

214ని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్ కోసం తయారుచేశారు. మెర్క్యురీ సెల్ జీవితమంతా దాదాపు ఒకే వోల్టేజీ ఇస్తుంది, అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఈ వాచీలో ఫోర్క్ ఊపు ఎంత ఉండాలో నిర్ణయించేది సెల్ వోల్టేజీయే. పాదరసం వల్ల కలిగే హాని తెలిశాక ఆ సెల్స్ నిషేధించారు. అమెరికాలో ఆ చట్టం 1996లో వచ్చింది. ఇప్పుడు దొరికేవి 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ సెల్స్. అంటే దాదాపు 15 శాతం ఎక్కువ, ఊపు కూడా ఇంచుమించు అంతే పెరుగుతుంది.

పెరిగితే ఏమవుతుంది? ఇండెక్స్ రాయి ఊపు ఒక పన్ను కంటే ఎక్కువ, మూడు పళ్ళ కంటే తక్కువ ఉన్నంతవరకు చక్రం కచ్చితంగా ఒక్క పన్నే జరుగుతుంది. రెండు పళ్ళ దగ్గర ఉంటే అటూ ఇటూ సమానంగా జాగా ఉంటుంది. రాళ్ళ పొందిక కాస్త తప్పి ఉన్న పాత వాచీకి 1.55 వోల్టులు ఇస్తే ఊపు మూడు పళ్ళ హద్దుని తాకుతుంది, అప్పుడప్పుడూ ఒక పన్నుకి బదులు రెండు పళ్ళు జరిగిపోతాయి. వాచీ గంటకి నిమిషాల కొద్దీ ముందుకి పరిగెత్తుతుంది. ‘అక్యుట్రాన్ పాడైపోయింది’ అని పక్కన పడేసిన వాచీలు నేను చూసినవాటిలో కొన్నింటికి ఉన్న జబ్బు ఇంతే.

దీనికి దారులు మూడు.

ఒకటి, సిల్వర్ ఆక్సైడ్ సెల్ నేరుగా వేసి, రాళ్ళ పొందికని ఆ వోల్టేజీకి సరిచేయించడం. దీన్నే ఫేజింగ్ అంటారు. బాగా చేస్తే ఏళ్ళ తరబడి నడుస్తుంది, సెల్ ఎక్కడైనా దొరుకుతుంది. లోపం ఒక్కటే, పై హద్దు వైపు జాగా తగ్గిపోతుంది. చెయ్యి గట్టిగా తలుపుకి తగిలితే ఒకటి రెండు పళ్ళు ఎగిరిపోవచ్చు.

రెండు, లోపలే ఒక డయోడ్ పెట్టి వోల్టేజీ దాదాపు 0.2 తగ్గించే సెల్ లేదా అడాప్టర్. వాచీలో ఏమీ ముట్టుకోనక్కర్లేదు. ఎప్పుడో ఫ్యాక్టరీలో సరిచేసిన పొందిక అలాగే ఉంటుంది. కావాలంటే రేపు తీసేయొచ్చు.

మూడు, వినికిడి యంత్రాల జింక్ ఎయిర్ సెల్. వోల్టేజీ 1.4, కాగితం మీద చక్కగా సరిపోతుంది. కానీ దానికి గాలి కావాలి, వాచీ కేసు గాలి చొరకుండా మూసి ఉంటుంది. గాలి తగలనిస్తే తేమ కూడా లోపలికి వస్తుంది, సెల్ కొద్ది నెలల్లోనే ఎండిపోతుంది. పరీక్షకి పనికొస్తుంది, పెట్టుకోవడానికి కాదు. ఆల్కలైన్ బటన్ సెల్ మాత్రం పరీక్షకి కూడా వద్దు, దాని వోల్టేజీ వాడే కొద్దీ జారుతుంది, పైగా కారుతుంది.

నేనైతే ఇలా చేస్తాను. ఎవరూ చెయ్యి పెట్టని 214 దొరికితే డయోడ్ దారి. ఎలాగూ విప్పి క్లీన్ చేయాల్సిన 214 అయితే ఆ పనిలోనే 1.55కి ఫేజింగ్ చేయించుకోవడం మేలు. 218కి మామూలు 344 నంబరు సెల్ వేసి ఒక వారం చూస్తాను. వేగంగా వెళ్తేనే మిగతా ఆలోచన. 9162, 9164లకి నేను 344 సిల్వర్ ఆక్సైడ్ నేరుగానే వాడుతున్నాను, ఇప్పటివరకు ఇబ్బంది రాలేదు. 214కి మాత్రం ఇంకో చిన్న విషయం: దాని సెల్ గది 387 కొలతది. 394 సెల్ వేస్తే చుట్టూ ప్లాస్టిక్ రింగు ఉండాలి, లేకపోతే సెల్ కదిలి కాంటాక్ట్ పోతుంది. ‘ఆగి ఆగి నడుస్తోంది’ అని తెచ్చిన వాచీలో నేను మొదట చూసేది ఆ రింగే.

ఏ సెల్ వేసినా అయిపోగానే తీసేయండి. మరిచిపోయిన సెల్ కారితే ముందు పోయేది కాంటాక్ట్, తర్వాత కాయిల్.

ఎంతవరకు మీరే, ఎక్కడినుంచి నిపుణుడు

సెల్ మార్చడం, కాంటాక్ట్ తుడవడం, కరెంటు కొలవడం, రెగ్యులేటర్‌ని ఒక గాటు జరపడం ఎవరైనా చేయొచ్చు. ఫేజింగ్‌కి మైక్రోస్కోప్, వోల్టేజీ మార్చే సప్లై, నిదానం కావాలి. వోల్టేజీ మెల్లగా తగ్గిస్తూ చక్రం ఎక్కడ ఆగుతుందో, పెంచుతూ ఎక్కడ రెండు పళ్ళు ఎగురుతుందో చూసి, మీరు వాడబోయే సెల్ వోల్టేజీ ఆ రెండింటి మధ్య సురక్షితంగా ఉండేలా పాల్ బ్రిడ్జిని వెంట్రుకవాసి జరపాలి. చచ్చిన మూవ్‌మెంట్ ఒకటి కొనుక్కుని దాని మీద చెయ్యి తిప్పుకున్నాకే మంచి వాచీని ముట్టుకోండి.

పూర్తిగా విప్పడం మామూలు వాచ్ మెకానిక్‌కి కూడా కొత్త పనే. చెయ్యి ఎంత మంచిదైనా అలవాటే ముప్పు తెస్తుంది. మామూలు వాచీలో స్టీలు స్క్రూడ్రైవర్ చేత్తో ఎటు తిప్పితే అటు వెళ్తుంది. ఇక్కడ ఫోర్క్ కొసల్లో బలమైన అయస్కాంతాలున్నాయి. నా మొదటి 218లో కాయిల్ పక్క స్క్రూ విప్పుతుంటే స్క్రూడ్రైవర్ మొన పక్కకి లాక్కుపోయింది. చప్పుడు కూడా రాలేదు. కాయిల్ చివర టంకం దగ్గర తీగ మీద గీత పడింది, అంతే. ఆ తీగ మందం 0.015 మిల్లీమీటర్లు, వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. ఒక్కో కాయిల్‌లో అలాంటి తీగ దాదాపు 8,000 చుట్లు. ఆ వాచీ ఇప్పటికీ మూగగానే ఉంది. ఆ రోజు నుంచి కాయిల్స్ ఉన్న చోట ఇత్తడి పనిముట్లు, అయస్కాంతానికి అంటని చిమటా తప్ప వాడను.

విప్పేటప్పుడు వరుస ముఖ్యం. సెల్ తీయాలి. తర్వాత రెండు రాళ్ళనీ పళ్ళ మీద నుంచి పక్కకి జరపాలి. ఆ తర్వాతే బ్రిడ్జి, ఇండెక్స్ వీల్. రాళ్ళు ఆనుకుని ఉండగా చక్రం లాగితే పళ్ళు పోతాయి, పోయిన పన్ను రాదు. ఆ చక్రాన్ని అంచు పట్టుకుని ఎత్తొద్దు, ఇరుసు పట్టుకుని ఎత్తాలి. చక్రాలు క్లీనింగ్ ద్రవంలో ముంచొచ్చు. కాయిల్స్ ముంచొద్దు, తీగ మీది పూత కరిగిపోతుంది. ఫోర్క్ అయస్కాంతాలకి అంటుకున్న ఇనుప రజనుని మెత్తటి జిగురు ముద్దతో అద్ది తీయాలి, ఊదితే పోదు. నూనె పివట్లకి మాత్రమే, సూదిమొనంత, మాన్యువల్‌లో చెప్పిన పల్చటి రకం. ఇండెక్స్ పళ్ళకీ రెండు రాళ్ళకీ చుక్క నూనె కూడా తగలకూడదు. తగిలితే దుమ్ము పేరుకుంటుంది, వాచీ నెలలోపే మళ్ళీ ఆగుతుంది.

మూవ్‌మెంట్ పోయిందని లోపల క్వార్ట్జ్ మూవ్‌మెంట్ పెట్టించుకోమని కొందరు సలహా ఇస్తారు. కేసు మిగులుతుంది, వాచీ పోతుంది. దానికంటే ఆగిన వాచీని ఆగినట్టే ఉంచి, స్పేర్ దొరికేదాకా ఆగడం మంచిది.

నిపుణుడికి ఇవ్వాలనుకుంటే వాచీ ఇచ్చే ముందు నాలుగు విషయాలు అడగండి. శ్రుతిదండం వాచీలు ఇంతకుముందు చేశారా, అందులో మీ మూవ్‌మెంట్ ఉందా? పని అయ్యాక ఏ వోల్టేజీ దగ్గర ఎన్ని మైక్రోఆంపియర్లు వచ్చాయో రాసిస్తారా? ఏ సెల్‌కి ఫేజింగ్ చేస్తారు? టైము దేనితో చూస్తారు? చివరి ప్రశ్న ఎందుకంటే, టిక్ టిక్ వినే మామూలు టైమింగ్ మెషీన్ ఈ శబ్దాన్ని అర్థం చేసుకోలేదు. ఫోర్క్ పౌనఃపున్యం కొలిచే పరికరమో, కొన్ని రోజులు కచ్చితమైన టైముతో పోల్చి చూసే ఓపికో ఉండాలి. కొత్తల్లో అక్యుట్రాన్‌కి కంపెనీ ఇచ్చిన హామీ నెలకి ఒక నిమిషం లోపు తేడా. బాగా చేసిన వాచీ ఇప్పటికీ దాన్ని అందుకుంటుంది, కాబట్టి అంతకంటే తక్కువకి ఒప్పుకోనక్కర్లేదు.

మాటల మధ్యలో, వాచీ వేగంగా వెళ్తోంది కదా, ఒకసారి డీమాగ్నెటైజర్ మీద పెట్టి చూద్దామని ఆ నిపుణుడు అంటే, వాచీ వెనక్కి తీసుకోండి. మామూలు వాచీకి అది వైద్యం. ఈ వాచీలో అది ఫోర్క్ అయస్కాంతాల బలాన్నే తీసేస్తుంది.